సజ్జ మీద సామాన్లు దించితే ఎంత వస్తుంది? కర్నూల్లో మా ఇంటి లెక్క

ముందే చెప్పేస్తా, ఇంట్లో పాత సామాన్లు అమ్మి లక్షలు సంపాదించినోళ్ళని నేనైతే చూడలేదు. మాకు మొదటి విడతలో వచ్చింది 4,260 రూపాయలు, అది కూడా మూడు ఆదివారాలు దుమ్ములో పొర్లితే. కానీ ఆ తర్వాత నెల సరుకుల ఖర్చు దాదాపు పద్దెనిమిది వందలు తగ్గింది, అసలు లాభం ఆడుంది.

ఇదంతా కుక్కర్ గాస్కెట్‌తో మొదలైంది. ఒకరోజు గాస్కెట్ పోయిందని అంగడికి పోయి కొత్తది తెచ్చినా, వారం తర్వాత సజ్జ మీద ఇంకేదో వెతుకుతుంటే అదే సైజు గాస్కెట్లు మూడు దొరికినాయి, కవర్ కూడా విప్పలేదు, ఒకదాంట్లో 2019 బిల్లు కూడా అట్లనే ఉంది. తీసి చూస్తే రబ్బరు గట్టిపడిపోయి బిళ్ళలాగా విరుగుతోంది. డబ్బులు పెట్టి కొన్నది సజ్జ మీదనే చచ్చిపోయింది. మన ఇండ్లల్లో ఇట్లాంటివి ఎన్ని ఉంటాయో ఒకసారి ఆలోచించండి.

ఇంట్లో పెద్దోళ్ళు ఉంటే మొదటి చిక్కు సామాన్లతో కాదు, వాళ్ళతోనే. మా అత్తమ్మ ఏదీ పారేయనీదు. నేను చానా ఏండ్లు పీనాసితనం అనుకున్నా. మా ఇల్లు వన్‌టౌన్‌లో, 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు మా అత్తమ్మ వాళ్ళు కట్టుబట్టలతో మిద్దెక్కినారు, నీళ్ళు దిగినాక వచ్చి చూస్తే బియ్యం డబ్బా నుంచి పెళ్ళి ఆల్బమ్ దాకా అంతా బురదే. అట్లాంటి మనిషి ముందర "ఈ పాత బకెట్ ఎందుకు అత్తా" అంటే ఏం చెప్తుంది. అందుకే నేను పెట్టుకున్న రూలు ఒకటే, ముందు నా సామాన్లు, నా చీరలు, నా పిల్లోళ్ళవి తీసి అమ్మినా, ఆమె జోలికి పోలేదు. రెండో ఆదివారం ఆమే వచ్చి "ఆ మూల సంచిలో నావి కూడా ఉండాయి, చూడు" అనింది. కొడుకుతో చెప్పించడం, లేనప్పుడు తీసేయడం అస్సలు చేయొద్దు, ఒక్క చెంబు కనిపించకపోయినా పదేండ్లు గుర్తు పెట్టుకుంటారు.

ఇల్లంతా ఒకేసారి దించొద్దు. ఒక రోజుకు ఒక సజ్జ, లేదంటే ఒక బీరువా, అంతే. అన్నీ ఒకేసారి కింద పోస్తే సాయంత్రానికి నడుము పడిపోయి దించినవన్నీ మళ్ళీ పైకే పోతాయి. మార్చి దాటినాక చేసేటట్టయితే పొద్దున ఆరుకే మొదలుపెట్టండి, కర్నూలు ఎండకు తొమ్మిది దాటితే సజ్జ కింద నిలబడడం కూడా కష్టం. ఇంకోటి, పాత గోనె సంచులు, అట్టపెట్టెలు చేత్తో లాగొద్దు, ముందు కట్టెతో కదిలించండి. మాకు రెండో పెట్టె కింద తేలు ఉండింది, చిన్నదే కానీ మా పాప వేలు దానికి జానెడు దూరంలో ఉండింది.

దించినాక కుప్పలు చేయండి. అమ్మేవి, ఎవరికైనా ఇచ్చేవి, వాడేవి, చెత్త. "చూద్దాంలే" అనే కుప్ప మాత్రం పెట్టొద్దు, నేను పెట్టినా, అన్నిటికంటే పెద్దది అదే అయి కూర్చుంది.

ఇప్పుడు డబ్బులొచ్చే సంగతి. గుజిరీ అంగట్లో మనం పోగొట్టుకునేదంతా కలిపి వేయడం వల్లనే. సంచిలో ఇనుము, ఇత్తడి, సిల్వర్ (అల్యూమినియం) అన్నీ కలిపి ఇస్తే ఆయన ఇనుము రేటే కడతాడు, ఎందుకు కట్టడు, ఏరుకునే పని ఆయనకి వదిలేసినాం కదా. అందుకే ముందు ఒక అయస్కాంతం పట్టుకొని కూర్చోండి, పాత స్పీకర్ లోపల ఉండేదైనా చాలు. అంటుకుంటే ఇనుము కుప్ప. అంటుకోకపోతే ఆగి చూడాలి, ఇత్తడో, రాగో, అల్యూమినియమో, స్టీలో. స్టీల్లో కొన్ని రకాలు అంటుకుంటాయి కూడా, అందుకని తళతళలాడే గిన్నె అంటుకుంది కదా అని ఇనుములో పడేయొద్దు, స్టీలుకు ఇనుము కంటే మంచి రేటే ఉంటుంది. అన్నిట్లోకి ఎక్కువ పలికేది రాగి, తర్వాత ఇత్తడి, దాని తర్వాత అల్యూమినియం, అన్నిటికంటే కింద ఇనుము. రేట్లు రోజూ మారతాయి కాబట్టి ఇక్కడ అంకెలు రాయడం లేదు, అమ్మే రోజు పొద్దున రెండు అంగళ్ళలో అడిగి పోండి, కిలో మీద పది ఇరవై తేడా వచ్చే అంగళ్ళు పక్కపక్కనే ఉంటాయి.

దీంట్లో నేను నేర్చుకున్న పెద్ద సంగతి పాత పంపులది. బాత్రూంలో మార్చేసిన పాత కుళాయిలు ఏడు ఉండినాయి మా సజ్జ మీద, తెల్లగా మెరుస్తాంటే స్టీలు అనుకున్నా. మా ఇంటాయన ఆకురాయితో ఒక మూల గీకితే లోపల పసుపు తేలింది. పైన పూత తెలుపు, లోపల ఇత్తడి. ఆ ఏడు పంపులే రెండు కిలోల పైన తూగినాయి. పాత తాళాలు, గ్యాస్ స్టవ్ బర్నర్లు, తలుపు గడియలు కూడా ఒక్క గీటు గీకి చూడండి, పైకి ఒకటి లోపల ఒకటి. పసుపు రంగు పూత వేసిన ఇనుము కూడా వస్తుంది, దానికి అయస్కాంతమే జవాబు.

కంచు, ఇత్తడి తేడా తెలీకపోతే వేలితో కొట్టండి. కంచు గుడి గంటలాగా మోగుతూ ఉంటుంది, ఇత్తడి టక్కుమని ఆగిపోతుంది. కంచంటే రాగి, తగరం. ఇత్తడంటే రాగి, జింకు. కంచు పళ్ళెం ఇంట్లో ఉంటే దయచేసి తూకానికి వేయొద్దు, మళ్ళీ కొనాలంటే అంగట్లో రేటు విని కుర్చీ వెతుక్కోవాలి.

పాత కుక్కరు అల్యూమినియం, కానీ పిడి, మూత మీద నల్ల నాబ్ ఉంటే వాటి పేరు చెప్పి "తరుగు" అని అర కిలో తీసేస్తారు. స్క్రూడ్రైవర్ తీసుకొని మీరే ఊడదీయండి, ఐదు నిమిషాల పని. కుక్కర్ కంపెనీలోళ్ళు పాత కుక్కరు ఇస్తే కొత్తదాని మీద తగ్గించే ఆఫర్లు పెడుతుంటారు, కొత్తది ఎట్లా కొనేదే అయితే రెండూ లెక్క వేసుకోండి, తూకం కంటే ఆఫరే మేలైన సందర్భాలు ఉంటాయి. కొనే అవసరం లేకుండా ఆఫర్ కోసం కొనేవాళ్ళకు నేను చెప్పేదేం లేదు.

కాలిపోయిన మోటార్, పాత ఫ్యాను ఉంటే లోపల రాగి తీగ ఉంటుంది, కొన్నిట్లో అల్యూమినియం తీగే ఉంటుంది. అట్లని వైర్లు కాల్చి రాగి తీయొద్దు. మా వీధిలో ఒకాయన మిద్దె మీద కాల్చి చుట్టుపక్కల నాలుగిండ్ల పిల్లోళ్ళు దగ్గుకుంటా కూర్చున్నారు. వచ్చేది యాభయ్యో వందో, ఆ పొగ మాత్రం విషం. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే గుజిరీకి వేయనే వద్దు, కొత్త బ్యాటరీ కొనే కాడ పాతది ఇస్తే తగ్గించి ఇస్తారు, దాంట్లో సీసం, యాసిడ్ ఉంటాయి, ఇంట్లో ఒలికితే బండలు కూడా తెల్లబడిపోతాయి.

తూకం గురించి చెప్పకుండా పోతే పాపం. వీధిలో "పాత పేపర్లు, ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ కొంటాం" అని మైకు పెట్టుకొని వచ్చే ఆటో ఆపి పేపర్లు వేద్దామనుకున్నా. ఆయన కాటా తగిలించే ముందు లోపలికి పోయి సీలు తీయని 5 కిలోల గోధుమపిండి ప్యాకెట్ తెచ్చి ఇచ్చినా.

"ఇదేంది అక్కా, పిండి కూడా అమ్ముతావా?" అని నవ్వినాడు.

"తగిలించు భాయ్, ఊరికే చూద్దాం."

4 కిలోల 200 చూపించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "బ్యాటరీ డౌన్ అయినట్టుంది భాయ్" అన్నా నేనే. ఆయన సీటు కింద నుంచి ఇంకో కాటా తీసినాడు, దాంట్లో ఐదు కిలోలు ఐదు కిలోలే. గొడవ లేదు, అరుపులు లేవు, 31 కిలోల పేపరు సరిగ్గా తూగింది. ఇప్పటికీ ఆయనకే వేస్తాం, మా ఇంటి ముందు మాత్రం రెండో కాటానే తీస్తాడు. ఇంట్లో హుక్కు కాటా ఒకటి ఉంటే ఇంకా మంచిది, లగేజీ తూచేది, మూడు నాలుగు వందల్లో వస్తుంది.

పేపర్లు తడి లేకుండా పెట్టాలి, వానాకాలం కంటే ముందే వేసేయాలి. పాల కవర్లు ఒక మూల కత్తిరించి, కడిగి, దండెం మీద ఆరేసి కూడబెడితే వాటికీ రేటుంది, కడగనివి ఎవరూ తీసుకోరు. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు మాత్రం పేపర్ల కట్టలో పోకుండా చూసుకోండి, చింపి నీళ్ళలో నానేస్తే ముద్దయిపోతాయి, ఆ ముద్ద చెత్తబుట్టకు.

పుస్తకాలు తూకానికి వేయడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఇంటర్ పుస్తకాలు, ఈఏపీసెట్ మెటీరియల్, డీఎస్సీ గైడ్లు విడివిడిగా అమ్మాలి. పరీక్షలు అయిపోయిన నెలలోనే స్కూలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెడితే సగం ధరకు పోతాయి, జూన్ దాటితే అడిగే దిక్కుండదు, సిలబస్ మారితే ఇంక తూకమే. మా పెద్దమ్మాయి ఇంటర్ సెట్టు 900కు పోయింది, అదే గుజిరీలో వేసుంటే వంద కూడా వచ్చేది కాదు.

చీరల కాడికి వస్తే. పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె వీధిలోకి వస్తే ఆడోళ్ళందరం గడప దాటుతాం, కానీ లెక్క చూడండి, ఎనిమిది మంచి చీరలకు ఒక పల్చటి డబ్బా. దానికి బదులు మెత్తబడిన నూలు చీరలు నాలుగు కలిపితే ఒక బొంత అవుతుంది, మా అత్తమ్మ మధ్యాహ్నాలు కూర్చొని కుడుతుంది, ఎండాకాలం మిద్దె మీద పండుకోవడానికి దాన్ని మించింది లేదు. పాత ధర్మవరం పట్టుచీరలు ఉంటే మాత్రం ఆగి చూడండి. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి పైన బంగారు పూత వేస్తారు, పాత జరీ కొనేవాళ్ళు వెతికేది ఆ వెండి కోసమే. అంచు లోపలి వైపు ఒక పోగు లాగి గోరుతో గీకండి, తెల్లగా తేలితే వెండి ఉన్నట్టు, ఎర్రటి లోహం తేలితే రాగి, ఎర్ర దారం కనిపిస్తే మాత్రం అది లోపలి పట్టు కావొచ్చు. అగ్గిపుల్ల దగ్గర పెడితే కరిగి ఉండ కట్టిందంటే ప్లాస్టిక్ జరీ. ఇంటికొచ్చి "చీర మొత్తానికి మూడొందలు" అనేవాళ్ళకు అప్పటికప్పుడే ఇవ్వొద్దు, కనీసం ఇద్దరికి చూపించండి. మా అత్తమ్మ పెళ్ళి చీరకు మొదటోడు 300 అన్నాడు, రెండో ఆయన 1,400 అన్నాడు, ఆమె ఇద్దరికీ ఇవ్వకుండా మడిచి మళ్ళీ బీరువాలో పెట్టింది. అది ఆమె ఇష్టం.

దువ్వెనకు వచ్చే వెంట్రుకలు కవర్లో దాచి అమ్ముకోవచ్చు, మా అవ్వ కాలం నుంచి ఉన్నదే, సవరాలకు పోతాయి. నాకు ఓపిక లేదు, మా ఆడబిడ్డ చేస్తుంది.

మంచాలు, సైకిళ్ళు, టేబుళ్ళు ఫోన్లో పెట్టి అమ్మేటప్పుడు ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. మా ఇంటాయన పిల్లోళ్ళ చదువుకునే టేబుల్ ఫొటో పెట్టినాడో లేదో ఐదు నిమిషాల్లో ఫోన్. బేరం లేదు, ఏమీ లేదు, "సార్ నేను డ్యూటీలో ఉన్నా, డబ్బులు ఇప్పుడే వేస్తా, బండి సాయంత్రం పంపిస్తా" అని. 1,500 టేబుల్‌కు బేరం ఆడకుండా ఒప్పుకున్నాడంటేనే అనుమానం రావాల. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయండి, డబ్బులు పడతాయి అన్నాడు. ఈయన స్కాన్ చేసేసినాడు, పిన్ అడిగింది, వేలు పెట్టబోతుంటే మా పాప పక్కన కూర్చొని జొన్నరొట్టె తింటా "నాన్నా, డబ్బులు వచ్చేటప్పుడు పిన్ ఎందుకు?" అనింది. అంతే. యూపీఐ పిన్ కొట్టేది డబ్బులు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో, తీసుకోవడానికి పిన్నూ వద్దు, స్కానూ వద్దు. ఒకవేళ పోతే అక్కడే కూర్చొని ఏడ్వకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉండే 1930 నంబర్‌కు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బులు ఆపే అవకాశం అంత ఎక్కువ.

పాత ఫోన్ అమ్మేటట్టయితే సిమ్ము, మెమరీ కార్డు తీసి, గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి, లేకపోతే కొన్నాయన మళ్ళీ మీ ఇంటికే వస్తాడు. మీరే పాత ఫోన్ కొనేటట్టయితే స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ తీసుకోండి, కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీ, ఆ నంబర్ రాసి 14422కు మెసేజ్ పెడితే ఫోన్ సంగతి చెప్తుంది, దొంగ ఫోన్ అయితే బయటపడుతుంది. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ మాత్రం ఎవరికీ అమ్మొద్దు, ఛార్జింగ్ కూడా పెట్టొద్దు.

ఇంకో పిచ్చి కూడా ఉంది. మా మామ పాత నాణేల డబ్బా దొరికినప్పుడు మా ఇంట్లో అందరి కళ్ళు మెరిసినాయి, పాత ఐదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని ఫోన్లో వీడియోలు వస్తుంటాయి కదా. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది, తమ పేరు చెప్పి పాత నోట్లకు, నాణేలకు ఛార్జీలు, కమీషన్, పన్ను కట్టమని అడిగేవాళ్ళు మోసగాళ్ళని. ముందు మన దగ్గర వెయ్యి అడిగి తర్వాత లక్ష ఇస్తామనే వాళ్ళు ఎవరైనా సరే ఫోన్ పెట్టేయండి. మా డబ్బాతో పిల్లోళ్ళు ఆడుకుంటాన్నారు.

రోలు, విసురురాయి, పింగాణీ జాడీలు అమ్మొద్దని నా మాట. జాడీ ఇస్తే రెండొందలు వస్తుందేమో, తర్వాత ఊరగాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నెలకే బూజు పట్టిందని ఏడుస్తాం.

ఇప్పుడు పొదుపు సంగతి. అన్నీ దించి మళ్ళీ పెట్టేటప్పుడు వంటింటి అల్మారా తలుపు లోపల ఒక కాగితం అంటించినా, ఏమేం ఉండాయో రాసి. ఆ రోజు బయటపడినవి చూడండి: ఆవాల ప్యాకెట్లు మూడు, ఇంగువ రెండు, పురుగు పట్టిన సేమ్యా నాలుగు, సగం సగం వాడిన కొబ్బరినూనె సీసాలు ఐదు. ఇంతకుముందు నెల చీటీ అంగడికి పోయే ముందు సోఫాలో కూర్చొని రాసేదాన్ని, ఇప్పుడు అల్మారా ముందర నిలబడి రాస్తాను, అంతే తేడా. ఆ పద్దెనిమిది వందలు తగ్గింది ఇట్లనే. కందిపప్పు, బొరుగులు ఎక్కువగా తెచ్చి పెట్టేది మానేసినా, ఎక్కువ ఉంటే పురుగన్నా పడుతుంది లేదంటే రోజూ ఉగ్గాని చేయాల్సొస్తుంది. ఉన్న పప్పుల్ని మాత్రం మన ఎండలో ఒక పూట పలచగా ఆరబోసి, చల్లారినాక డబ్బాలో పోసుకోండి. వేడిగా మూత పెడితే చెమ్మ పడుతుంది.

ఫంక్షన్లలో ఇచ్చే రిటర్న్ గిఫ్టులు మా ఇంట్లో 27 దొరికినాయి, ప్లాస్టిక్ బుట్టలు, గాజు గిన్నెలు, కుంకుమ భరిణెలు. వాటికి ఒక అర కేటాయించినా, ఒక్కోదాని మీద ఎవరు ఇచ్చినారో చీటీ అంటించి. చీటీ ఎందుకంటే ఒకసారి మా చిన్నమ్మ ఇచ్చిన గిన్నెల సెట్టు మా చిన్నమ్మ కూతురి గృహప్రవేశానికే తీసుకుపోయినా, ఆమె విప్పి చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఈ ఏడాది ఇంతవరకు ఒక్క గిఫ్టు కూడా కొనలేదు.

వచ్చిన 4,260కు ఇంకొంచెం వేసి హాల్లో పాత ఫ్యాను తీసి, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టినాం. పాతది 75 వాట్లు, ఇది 30 దగ్గర. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్ల తేడా, ఎండాకాలం మా ఇంట్లో ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతుంది, అప్పుడు ముప్పై పైనే. ఇంటర్ పుస్తకాల డబ్బులు, తర్వాత వచ్చే పేపర్ల డబ్బులు వేరే. వాటిని చేతిలో పెట్టుకుంటే సాయంత్రం బజ్జీలకే పోతాయని పోస్టాఫీసులో ఆర్‌డీ మొదలుపెట్టినా, నెలకు 100 నుంచి కట్టొచ్చు, ఐదేండ్లు. నేను 300 కడతాన్నా. మా ఇంటాయన వైర్ల డబ్బా, ఛార్జర్ల సంచి ఇంకా దించలేదు, అది వచ్చే ఆదివారం, ఆయనే కూర్చొని తీస్తానన్నాడు.